టైరుమీది అంకెలు

బియ్యమును, బట్టలును కొలత చూచి కొను మనము, కారు టైరుల సంగతి మాత్రము అంగడివాని మాటకు విడిచిపెట్టుచుందుము. కుటుంబమంతయు ఆ నాలుగు టైరులనే నమ్ముకొని గదా ప్రయాణము చేయుట!

విశాఖపట్టణమున మా జాలరిపేటలో మేమొక పాత మారుతి ఆల్టో 800 కారును కొంటిమి. మా అత్తగారిని తరచుగా కింగ్ జార్జి ఆసుపత్రికి గొనిపోవలసియుండుటచే అది మాకు విలాసము గాదు, అవసరము. వానకారు రాకముందే అరిగిన టైరులను మార్పింపదలచితిమి. అంగడివాడు పాత టైరును చూచి, "అమ్మా, ఈ కొలతవే నాలుగు వేసెదను" అనెను. దానిపై 145/70 ఆర్ 12 అని యుండెను. నేను డ్రైవరు తలుపు తెరచి, అంచున అంటించిన చీటిని చదివితిని. అందు 145/80 ఆర్ 12 అని యున్నది! మాకు కారు అమ్మినవారు వేరు కొలత వేయించియుండిరి. "రెండును పన్నెండే గదమ్మా!" అని అతడు నవ్వెను.

మా పేటలో వల అల్లువారు కన్ను కొలత తప్పనీయరు. కన్ను పెద్దదైనచో చేప జారిపోవును. చిన్నదైనచో పిల్లచేప చిక్కును. టైరును అట్టిదే. 12 అనునది చక్రపు వ్యాసము, అంగుళములలో. 145 టైరు వెడల్పు, మిల్లీమీటరులలో. 80 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎనుబది వంతులు. అనగా 116 మిల్లీమీటరులు. 70 అయినచో నూట ఒకటిన్నరయే. అందుచే టైరు మొత్తము వ్యాసము 29 మిల్లీమీటరులు తగ్గి, కారు నేలకు దిగును. వేగసూచిక అసలు వేగముకంటె హెచ్చు చూపును. అంతకంటె ముఖ్యము భారము. పాత టైరుపై భారసూచిక 69, అనగా 325 కిలోలు. సరియైనదానిపై 74, అనగా 375 కిలోలు. నిండుగా మనుషులు కూర్చుండు కారునకు టైరొకటికి 50 కిలోల బలము తగ్గుట చిన్నమాటయా?

ఈ లెక్క చెప్పగా అతడు మారుమాటాడక, మరునాటికి సరియైన టైరులను తెప్పించెను. ప్రక్కగోడమీది నాలుగంకెల తేదీనిగూడ చూచితిని. 3522 అని యున్నచో 2022వ సంవత్సరమున 35వ వారమున తయారైనదని యర్థము.

కావున పాత టైరును గాక, తలుపువద్ద చీటిని నమ్ముడు. గాలి ఎంత యుండవలెనో అదియు అందే యుండును. ఆ అంకెలను ఇంటి లెక్కల పుస్తకమున వ్రాసియుంచుకొనుడు. అంగడిలో మీ మాటకు అదియే బలము.