పలనాట చేపపందెం

ఎత్తిపోతల అన్న మాట చెవిని పడగానే ఈ రోజుల్లో ఎవరికైనా పంపులూ, మోటార్లూ, మెట్టపొలాలకు నీరెక్కించే గొట్టాలూ కళ్ళ ముందు మెదులుతాయి. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయిన మా పెద్దబావ కారు దిగీ దిగగానే, "పంపుహౌసు ఏ పక్కనయ్యా?" అని టిక్కెట్లిచ్చే కుర్రవాణ్ణి అడిగాడు. వాడు ఒక్క క్షణం తెల్లబోయి, "ఇక్కడ నీళ్ళు ఎక్కవండీ, దూకుతాయండీ" అన్నాడు. ఇంతకంటె చక్కని నిర్వచనం మా తెలుగు శాఖలో ఎవరమూ చెప్పలేము. యతులు తపస్సు చేసుకున్న చోటు గనుక యతితపోతలమనీ, జనం నోట నలిగి నలిగి అదే ఎత్తిపోతల అయిందనీ ఆ ప్రాంతంవారు చెప్పుకుంటారు. నాకీ వ్యుత్పత్తి మీద అంత గురి లేదు. ఎత్తునుంచి ఎవరో కుమ్మరించినట్టు పడే నీటిని చూసి పేరు పెట్టడానికి పల్లెటూరి మనిషికి యతుల సాయం కావాలా?

మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి చెంత పారే చంద్రవంకే ఇది. నక్కల వాగునూ తుమ్మల వాగునూ కలుపుకొని వచ్చి, ఇక్కడ సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకి, కింద మడుగులో కాస్త ఆయాసం తీర్చుకొని, కృష్ణమ్మను చేరుకుంటుంది. నాగార్జునసాగరానికి 11 కిలోమీటర్ల దూరం. ఎండాకాలంలో వాగు చిక్కిపోయినప్పుడు, వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా సాగరం కుడికాలువ నీళ్ళు కొన్ని ఇటు వదులుతుంటారు. దగ్గరలోనే రంగనాథస్వామీ, దత్తాత్రేయస్వామీ కొలువై ఉన్నారు.

ఇక మొసళ్ళు. పలనాటిని ఎద్దేవా చేస్తూ శ్రీనాథుడు చెప్పాడనే చాటువుల్లో రాళ్ళున్నాయి, జొన్నకూడుంది, పాములూ తేళ్ళూ ఉన్నాయి. మొసలి మాత్రం లేదు. మహాకవి ఈ మడుగు దాకా వచ్చి ఉండడని నా అనుమానం. ఇప్పుడిక్కడ మొసళ్ళను పెంచే కేంద్రం ఉంది. మనదేశపు చెరువుల్లోనూ నదుల్లోనూ ఉండే మగ్గర్ జాతివి. ఎండకు నోరు తెరుచుకొని గంటల తరబడి కదలకుండా పడుకుంటాయి. ఒళ్ళు చల్లబరచుకోవడానికి దానికదే ఉపాయం. చూసేవాళ్ళకు మాత్రం సిమెంటు బొమ్మల్లాగే ఉంటాయి. "నిజంవేనా?" అని ఒక రాయి విసిరి చూసే ప్రబుద్ధులు ప్రతి బస్సుకూ ఒకరుంటారు.

మా బృందంలో ముఖ్యులు ఇద్దరు వియ్యంకులు. నరసరావుపేటలో పేరున్న ప్లీడరుగారొకరు, బ్యాంకు మేనేజరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన ఇంకొకరు. ఇద్దరికీ ఏ పుణ్యకాలాన పట్టుకుందో గాని చేపలవేట పిచ్చి పట్టుకుంది. ఫోనులో వీడియోలు చూసి చూసి, చక్రం తిప్పితే దారం చుట్టుకునే సీమ గాలాలు కొన్నారు. ఎవరి చేతికీ అంతవరకు బొమ్మిడాయి పిల్ల కూడా తగిలిన దాఖలా లేదు. అయినా పందెం వేసుకున్నారు. పలనాడాయె! కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ళు ఊరు విడిచిన గడ్డ. మావాళ్ళు కాలానుగుణంగా సవరించుకొని, ఓడినవారు ఏడు నెలలు గాలం ముట్టరాదని షరతు పెట్టుకున్నారు. నన్ను మధ్యవర్తిగా ఉండమన్నారు. వియ్యంకుల మధ్య తీర్పు చెప్పేటంత తెలివితక్కువవాణ్ణి కానని, సాక్షిగా మాత్రం ఒప్పుకున్నాను.

జలపాతం దగ్గర నీళ్ళలో దిగరాదని బోర్డుంది. ప్లీడరుగారు దాన్ని రెండుసార్లు చదివి, కాపలాదారును పిలిచి, "దిగరాదనే గదా ఉంది! గాలం వేయరాదని లేదే?" అని పాయింటు లాగారు.

"వెయ్యొచ్చు బాబూ, అవతలినుంచి లాగేదెవరో చూసుకోండి" అన్నాడు కాపలాదారు.

ఆ మాటతో కేసు కొట్టుబడిపోయింది. కానీ మేనేజరుగారు ఊరుకోలేదు. "వేసేదేం లేదు బావగారూ, విసరడం ఎలాగో పిల్లలకు చూపిస్తాను" అంటూ కర్ర వెనక్కి ఝాడించారు. గాలం ముల్లు వెనకనున్న ప్లీడరుగారి కొత్త టోపీని ఒడుపుగా పెరికి, కంచె మీదుగా తీసుకుపోయి, మడుగు ఒడ్డున జారవిడిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్లీడరుగారికి తిక్క రేగింది.

"పోతే టోపీయే గాని, పోయిన తీరు బాగాలేదు. ఆ దుంగ పక్కనే గదా పడింది, ఎంతసేపు!" అంటూ కంచె మీద కాలు వేశారు.

కాపలాదారు ఒక్క గెంతున వచ్చి ఆయన జబ్బ పట్టుకున్నాడు. "బాబూ, ఆ దుంగను కాసేపు చూడండి" అన్నాడు. చూశాం. దుంగే. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. "నీ చాదస్తం గానీ" అని ప్లీడరుగారు అంటుండగానే దుంగ నాలుగు కాళ్ళ మీద లేచి, చప్పుడన్నది లేకుండా నీళ్ళలోకి జారిపోయింది. అలకూడా సరిగా లేవలేదు. అంతసేపూ కేరింతలు కొడుతున్న మనుమడు అమ్మ కొంగు పట్టుకున్నాడు. ప్లీడరుగారి భార్య పెదవి విప్పకుండా వచ్చి ఆయన చెయ్యి పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ తరవాత చాలాసేపు జలపాతం చప్పుడే వినిపించింది. టోపీ అక్కడే ఉంది. ఎవరూ దాని ఊసెత్తలేదు.

మధ్యాహ్నం సాగరం ఒడ్డుకు పోయాం. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట వెనక ఎంత నీరో! లోయలోని బౌద్ధారామాల్లో కొన్నింటిని విప్పి, ఎత్తుకు చేర్చి మళ్ళీ పేర్చారు. అందుకే ఒకప్పటి కొండ నేడు లాంచీలో పోయి చూడవలసిన దీవి అయింది. మావాళ్ళ చూపు మాత్రం బౌద్ధం మీద లేదు. ఒక చేపలు పట్టే తాత తన రేవులో పుట్టి బోర్లించి ఆరబెట్టుకుంటున్నాడు. ఆయన్ను బతిమాలి, ఒడ్డున గాలాలు వేసుకోవడానికి ఒప్పించారు.

పుట్టి సంగతి తెలియనివారికి చెప్పాలి. వెదురు బద్దలతో గంపలా అల్లి, నీరు దూరకుండా పైన కప్పు వేస్తారు. పూర్వం తోలు కప్పేవారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. మనిషి ముందు వైపుకు వంగి తెడ్డుతో నీటిని తనవైపు లాక్కుంటూ పోవాలి. పక్కన కూర్చుని పడవలాగా తెడ్డు వేశారో, ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. మేనేజరుగారు అలాగే వేశారు. మోకాటిలోతు నీళ్ళలో, తాత తాడు పట్టుకొని ఉండగా, తిరగలిలో కందిగింజలాగా పదిచుట్లు తిరిగి, "బావగారూ, ఒడ్డు ఎటు?" అన్నారు. ప్లీడరుగారు టోపీ బాకీ తీరిందన్నట్టు తృప్తిగా నవ్వి, "ఎటు చూసినా ఒడ్డే" అన్నారు.

లోపలికి తీసుకుపొమ్మని అడిగితే మాత్రం తాత ససేమిరా అన్నాడు. "నేనొక్కణ్ణయితే మునిగినా ఈదుకొస్తా. మిమ్మల్ని ఎక్కించుకొని ఎవరికి జవాబు చెప్పను?" అన్నాడు. 2017 నవంబరు 12న పవిత్రసంగమం దగ్గర కృష్ణలోనూ, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలోనూ సరదాగా పడవెక్కి ఇళ్ళకు చేరనివారు గుర్తుకు వచ్చి, మేమెవ్వరం రెట్టించలేదు.

ఇక గాలాలు. గంటసేపు బెండు కదల్లేదు. ఉన్నట్టుండి ప్లీడరుగారి కర్ర విల్లులా వంగింది. "పడింది! వాలుగ! కనీసం పది కిలోలు!" అని అరిచారు. అరగంట లాగారు. మేనేజరుగారి ముఖం ఓడినవాడి ముఖం అయిపోయింది. చివరకు ఒడ్డుకు చేరిందేమిటయ్యా అంటే తాత రాత్రికోసం వేసుకున్న నైలాను వల. ముల్లు చిక్కుకొని, లాగిన కొద్దీ చిరిగి, మధ్యలో మనిషి దూరేటంత కంత పడింది.

నవ్వబోయినవాళ్ళం ఆగిపోయాం. తాత ఏమీ అనలేదు. కూర్చుని, చిరుగు ఎంతవరకు పోయిందో జానలతో కొలుచుకున్నాడు. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. "మీకు పొద్దుపోక వచ్చారు, మాకీ రాత్రి పొయ్యి ఎట్టా వెలగాల బాబూ?" అంది. కోర్టులో ఎవరికీ తగ్గని ప్లీడరుగారు ఒక్క మాటకూడా ఎదురు చెప్పలేకపోయారు. కొత్త వల ఖరీదూ, అది తయారయ్యేదాకా పోయే రోజుల కూలీ లెక్క కట్టమని తాతనే అడిగారు. తాత చెప్పిన అంకె ఆయన గాలం ఖరీదులో సగం కూడా లేదు. ఆయన గాలం వైపోసారీ తాత వైపోసారీ చూసి, అడిగినదానికి రెట్టింపు ఇచ్చారు. తాత లెక్కపెట్టి, తాను అడిగినంత ఉంచుకొని, మిగిలింది తిరిగి ఆయన జేబులో పెట్టాడు.

జెరోం కె. జెరోం 1889లో అచ్చువేసిన "త్రీ మెన్ ఇన్ ఎ బోట్"లో, నది ఒడ్డు సత్రంలో అద్దాలపెట్టెలో ఒక పెద్ద చేప ఉంటుంది. కలిసిన ప్రతివాడూ దాన్ని పట్టింది తానేనంటాడు. చివరకు పెట్టె కిందపడి పగిలితే అది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ. జాలరి బొంకులకు దేశభేదం లేదని నేను ఎందుకంటున్నానంటే, ఆ సాయంత్రం వియ్యంకులిద్దరూ "కాస్త కాళ్ళు సాగదీసి వస్తాం" అని చెరో దారినా పోయి, గంటకు చెరో చేపతోనూ తిరిగి వచ్చారు. ప్లీడరుగారిది బొచ్చె, మేనేజరుగారిది శీలావతి. ఇద్దరూ చీకటిపడే వేళ చేపలు బాగా తగులుతాయని శాస్త్రం చెప్పారు.

తీర్పు ప్లీడరుగారి భార్యకు అప్పగించాం. ఆవిడ ముందు భర్తగారి చేప మొప్ప ఎత్తి, లోపలినుంచి చిన్న ఐసుముక్క తీసి గిన్నెలో వేసింది. తరవాత రెండో చేపను తిరగేసి, "అన్నయ్యగారూ, మీ చేప పొట్ట శుభ్రం చేయించుకొని మరీ గాలానికి తగిలిందే!" అంది.

ఇద్దరూ ఓడినట్టే గనుక ఇద్దరి గాలాలూ ఏడు నెలలకు అటకెక్కాయి. పులుసు మాత్రం బహు పసందుగా కుదిరింది. పది రోజుల తరవాత తాత ప్లీడరుగారికి ఫోను చేశాడట: పాత వల బాగుచేస్తుంటే బాబుగారి గాలం ముల్లు దొరికింది, మంచి సరుకులాగుంది, పంపించమంటారా అని.