నల్ల పొగ, ఎర్ర పొడి

మా బావ పికప్ మదనపల్లె నుంచి టమాటా లోడుతో ఎక్కుడు రోడ్డు పట్టిందంటే చాలు, నల్లగా పొగ కక్కుతోంది. పైగా ఫస్ట్ గేరులో క్లచ్ వదలగానే కింద నుంచి ‘టక్’మని ఒక కుదుపు. "ఇంజిన్ దించాల్సిందే" అన్నారట షెడ్డులో. ఆ మాట విన్నప్పటి నుంచి మనిషికి నిద్ర లేదు.

ఆదివారం బండి కింద దూరాను. ముందు పొగ రంగు చూడాలి. నీలంగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని. బండి వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. నలుపంటే డీజిల్‌కు సరిపడా గాలి అందట్లేదని, లేదా డీజిలే ఎక్కువ పడుతోందని. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని తడిమితే, క్లిప్పు పక్కన వేలికి ఆయిల్ జిడ్డు తగిలింది. వంచి చూస్తే గోరంత చీలిక! లోడు పడినప్పుడల్లా గాలి అక్కడే పోతోంది.

కుదుపు సంగతి పూర్తిగా వేరు. చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పాను. వెనక క్రాస్ జాయింట్ లూజుగా ఆడింది. దాని కప్పుల చుట్టూ కుంకుమలాంటి తుప్పు పొడి. గ్రీజు పెట్టి ఎన్నాళ్లయిందో!

గొట్టం, క్రాస్ రెండూ మార్చాం. నిన్న రాత్రి లోడుతో వెళ్లాడు బావ. ఎక్కుడు దాటాక ఫోన్ చేశాడు, "ఒరేయ్, పొగ లేదురా" అని.