మూటలో వచ్చిన బడి

సూరత్‌లోని లింబాయత్ గల్లీల్లో కరోనాకి ముందు నుంచే ఇళ్లకి మూటలు వస్తుండేవి. బట్టల మార్కెట్ నుంచి చీరల కట్టలు దిగుతాయి. వంట ముగించుకుని ఆడవాళ్లు గోడకి చేరగిలబడి మెరిసే టిక్కీలు అంటిస్తారు, లేసు కుడతారు, వేలాడే దారాలు కత్తిరిస్తారు. చీరకింత అని కూలి. కాబట్టి బడి మూసేశాక చదువుని కూడా సంచిలో పెట్టి ఇంటికి పంపుదామంటే ఇక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. "గీ పనికి కూలెంత?" అని మాత్రం మా చుట్టాలావిడ మొదటి రోజే అడిగింది.

గుజరాత్‌లో బళ్లు 2020 మార్చి 16న మూతపడ్డాయి. పది రోజులు తిరక్కుండానే లాక్‌డౌన్ పడి మగ్గాలు ఆగాయి, రైళ్లూ ఆగాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు జనం లక్షల్లో సూరత్ వదిలి పారిపోయారు. ఆ రైళ్ల రద్దీ గురించి మన ముసలాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఈసారి పారిపోయే దారి కూడా లేదు. ఒక గది, గదిలో అయిదారుగురు, అందరికీ కలిపి ఒక ఫోను.

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు ఏడు భాషల్లో నడుస్తాయి. తెలుగు వాటిలో ఒకటి. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ రెండు మూడు తరాలుగా ఉన్నాయి, వాళ్ల పిల్లలవే ఆ తెలుగు బళ్లు. మామూలు రోజుల్లో ఇది గర్వంగా చెప్పుకునే సంగతి. బడి టీవీలోకి ఎక్కేసరికి చిక్కొచ్చింది. దూరదర్శన్ గిర్నార్‌లో పాఠాలు గుజరాతీలో వచ్చాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీశాట్, యాదగిరి చానెళ్లలో తెలుగు పాఠాలు మొదలయ్యాయి, సిరిసిల్లలో మేనత్త పిల్లలు చూస్తున్నారని ఇక్కడివాళ్లూ ఫోన్లో పెట్టుకుని చూశారు, డేటా అయిపోయేదాకా. గుజరాత్ విద్యాశాఖ వారం వారం పంపిన అభ్యాసాలు కూడా ఫోన్లకే వచ్చాయి. చివరికి పుస్తకాలూ పరీక్ష కాగితాలూ పట్టుకుని గడప గడపకీ తిరిగిన టీచర్లే నయమనిపించారు. కాగితానికి రీచార్జి అక్కర్లేదు, అన్న ఆన్‌లైన్‌లో ఉన్నాడని చెల్లెలు ఆగాల్సిన పనీ లేదు.

అయితే ఆ రోజుల్లో దేశమంతటా పంచిన చదువు సంచుల మీద నాకో ఫిర్యాదుంది. చాలావాటిలో ఉన్నవి ఖాళీలు పూరించే కాగితాలు, రంగు పెన్సిళ్లు, ముందే కత్తిరించి పెట్టిన అట్టబొమ్మలు. ఇంట్లో ఏమీ లేదనుకుని సర్దిన సంచులవి. ఏ ఇంట్లోనైనా ఏదో ఒకటి ఉంటుంది. అరవింద్ గుప్తా ఈ సంగతి చాలా ముందే కనిపెట్టాడు. 1978లో టెల్కో ఉద్యోగానికి సెలవు పెట్టి హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో చేరిన ఆ ఇంజనీరు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి పల్లెటూరి పిల్లల చేత త్రిభుజాలూ ఘనాలూ కట్టించాడు. ఆయన సామానంతా అంగడి సరుకూ, పారేసే చెత్తాను.

ఆ కంటితో లింబాయత్ గది చూస్తే అదే సగం ప్రయోగశాల. దారం అయిపోయిన కోన్‌లు, బట్ట చుట్టే అట్ట గొట్టాలు, మూల మిగిలిన టిక్కీలు. పదేసి టిక్కీలు పది వరసలు పేరిస్తే వంద కళ్లముందు నిలబడుతుంది. అట్టముక్కకి రెండంచులా గాట్లు పెట్టి దారం లాగితే చిన్న మగ్గం. పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద నీటిచుక్క వేసి, దాంట్లోంచి చీరముక్కని చూస్తే నేత పోగులు పెద్దవై కనిపిస్తాయి. మార్కెట్లో వ్యాపారులు అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టేది ఇలాగే పెద్దవి చేసి చూపే చిన్న భూతద్దంతోనే. ఈ పాఠానికి సంచిలో రావలసినదల్లా ఒక జిగురు డబ్బా, ఒక స్కేలు, ఏమేం వెతుక్కోవాలో తెలుగులో రాసిన ఒక చీటీ. కత్తెర అక్కర్లేదు, ఆ ఇళ్లల్లో కత్తెర లేకపోవడం ఉండదు.

ఇంకొకటి కూడా ఆ వారాల్లో ఇంట్లోనే ఉంది: నాన్న. పన్నెండు గంటల షిఫ్టు మనిషి పగటిపూట ఇంట్లో కనబడటం పిల్లలకి కొత్త. చదువు సంచీ పంపేవాళ్లు ఎప్పుడూ పక్కన కూర్చునే పెద్దమనిషి ఒకరుంటారని ధీమాగా అనుకుంటారు. లాక్‌డౌన్‌లో నిజంగానే ఉన్నాడు, జీతం లేకుండా.

"బాపూ, చీరెల ఎన్ని పోగులుంటయే?"

"లెక్కవెట్టు. ముందుగాల పడుగు, తర్వాత పేక."

ఇలా జరిగిన ఇళ్లు ఉన్నాయి. అద్దె బాకీ తలుచుకుంటూ గోడకేసి చూస్తూ పడుకున్న బాపులూ ఉన్నారు, వాళ్లని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. బడిలో తినే అన్నానికి బదులు ధాన్యమూ కొంత డబ్బూ ఇచ్చారు. చాలా ఇళ్లకి ఆ నెలల్లో బడి పంపిన అసలైన సంచి అదే. భాగహారం కంటే ముందు అది తెరిచారంటే ఆశ్చర్యమేముంది?

మగ్గాలు మళ్లీ ఆడటం మొదలయ్యాక నాన్న షిఫ్టుకి వెళ్లిపోయాడు, చీరల కట్టలు తిరిగొచ్చాయి, అమ్మ టిక్కీల్లో పడింది. బడి మాత్రం తెరవలేదు. పేపర్లలో చదువు సంచుల ఫొటోలు వచ్చేది సంచి చేతికందే నిమిషానివే. పిల్ల చేతిలో సంచి ఉండి, సందేహం అడగడానికి ఎవరూ దొరకని ఈ రెండో దశ ఏ ఫొటోలోనూ లేదు, రెండింటిలో పొడవైనదీ ఇదే. గుజరాత్‌లో ఒకటి నుంచి అయిదో తరగతి దాకా బళ్లు తెరిచింది 2021 నవంబరు 22న. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల మొదటిసారి తరగతి గదిలో కాలు పెట్టేసరికి రెండో తరగతి దీపావళి సెలవులు కూడా అయిపోయాయి.