అవ్వ గదిలో ఫోను

మాది కొలిమిగుండ్ల. బెలుం గుహలు చూసొచ్చిన వాళ్లకి తెలిసిన ఊరే. 2009లో ఇంటి ఫోనుకి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాం. కువైట్‌లో ఉన్న అన్నయ్యని అవ్వకి కంప్యూటర్‌లో చూపించాలని! తీరా చూస్తే, అన్నయ్య ముఖం సగం వచ్చి ఆగిపోయేది. 'వాడికేమైనా జబ్బు చేసిందా, నోరు కదపడేం?' అంటూ అవ్వ ఒకటే బెంగ.

నాయన రోజూ ఫిర్యాదు చేసేవాడు. చివరికి లైన్‌మన్ వచ్చాడు. కంప్యూటర్ వైపు చూడనేలేదు. ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. 'గరగరమంటాంది చూడప్పా. నెట్టుకూ ఇదే అడ్డం' అన్నాడు. ఒకే రాగి తీగలో మాటలు తక్కువ ఫ్రీక్వెన్సీలో, డేటా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వెళ్తాయి. వాటిని విడదీసే స్ప్లిటర్‌కి ముందే ఇంకో ఫోను తగిలిస్తే వేగం పడిపోతుంది.

తీగ వెంట వెళ్తే... అవ్వ మంచం పక్కనున్న ఫోను దగ్గర తేలాం! అన్నయ్యతో లేవకుండా మాట్లాడుతుందని మేమే పెట్టించాం. పైగా అతుకు చిలుము పట్టింది. దాన్ని కోసి కొత్తగా కలిపి, ఆ ఫోన్ని స్ప్లిటర్ అవతలికి మార్చాడు.

ఆ రాత్రి అన్నయ్య కదిలాడు, నవ్వాడు. అవ్వ తెర తడుముతూ 'చిక్కిపోయినావు నాయనా' అంది.

ఇప్పుడు ఇంట్లో ఫైబర్ ఉంది. అవ్వ లేదు. నెట్ నెమ్మదిస్తే మాత్రం, ఫిర్యాదుకి ముందు ఇంట్లో తీగలే చూసుకుంటాను.