నీళ్ళ మీద నీళ్ళు

ఎండలు ముదిరే కొద్దీ మా కల్హేర్‌లో జాలిగుండెల లెక్క పెరుగుతుంది. ప్రహరీ మీద మట్టి మూకుడు, వేపకొమ్మకు వేలాడే కోసిన ప్లాస్టిక్ సీసా, వాకిట్లో పగిలిన కుండ అడుగు. అన్నిట్లోనూ పిట్టలకు నీళ్ళు. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం కూడా కలిసొస్తుంది. 2010 నుంచి జరుగుతున్న ఈ దినానికి చొరవ తీసుకున్నది మన నాసిక్‌లోని నేచర్ ఫరెవర్ సొసైటీయే. ఆ రోజు ఫోన్ల నిండా నీళ్ళ గిన్నెల ఫోటోలు. మంచిదే, కాదనను. నాకు చూడాలని ఉండేది మాత్రం అదే గిన్నెకు మే నెలలో తీసిన ఫోటో. దాన్ని ఎవరూ పెట్టరు.

పెట్టరు గనక నేనే చెప్తాను. అంచు చుట్టూ ఎండిపోయిన తెల్లటి ఉప్పు గీత. దాని కింద పచ్చటి పాచి. అడుగున పావురం రెట్ట, రెండు వేపాకులు, ఒక ఈక, ఎవరో ప్రేమగా వేస్తే ఉబ్బి పులిసిన అన్నం మెతుకులు. నీళ్ళ పైపొరకు తోకలు ఆనించి తలకిందులుగా వేలాడే దోమపిల్లలు. మనిషి నీడ పడగానే అవి వంకర్లు తిరుగుతూ చటుక్కున అడుక్కి పోతాయి. ఇంతలో ఆ ఇంటాయన చెంబుతో వస్తాడు. అడుగంటిన ఆ నీళ్ళ మీదే కొత్త నీళ్ళు పోసి లోపలికి పోతాడు. ఆయన ఖాతాలో పుణ్యం జమైంది, గిన్నెలో పాచి జమైంది.

నా పోట్లాటంతా ఈ చెంబుతోనే. నీళ్ళ మీద నీళ్ళు పోయడం మన పిట్టల సేవలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నిన్నటి మజ్జిగ చుక్క ఇవాళ్టి పాలకు తోడైనట్టు, నిన్నటి నీళ్ళు ఇవాళ్టి నీళ్ళకు తోడవుతాయి. గిన్నె గోడకు పట్టే జారుడు పొర ఉత్త మురికి కాదు. బాక్టీరియా తమ చుట్టూ తామే జిగురు అల్లుకుని కట్టుకున్న ఇల్లు అది. నీళ్ళు పారబోసినా పోదు, కుళాయి కింద పట్టినా పోదు. పీచు పెట్టి రుద్దితేనే ఊడుతుంది. రుద్దకుండా పోసిన నీళ్ళు ఎంత తేటగా కనిపించినా పూట గడిచేసరికి పాత నీళ్ళలో జమే.

దోమ లెక్క మరీ సులభం. గుడ్డు రెక్కల దోమ కావడానికి మన ఎండల్లో దాదాపు వారం, పది రోజులు చాలు. 2020లో తెలంగాణ ప్రభుత్వం ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలవ నీళ్ళు పారబోయమని ప్రచారం చేసింది. కూలర్లు, పూలకుండీలు, పాత టైర్లు అందరికీ గుర్తుకొచ్చాయి. పిట్టల గిన్నె ఎవరికి గుర్తుకొస్తుంది? అది పుణ్యం పద్దులో ఉంది, దోమల పద్దులోకి ఎక్కదు. రోజూ పారబోసే గిన్నెలో ఏ దోమా పెరిగి పెద్దదవదు. దానికి మందూ అక్కర్లేదు, మాయా అక్కర్లేదు.

ఇప్పుడు పంజరాల సంగతి. హైదరాబాదు చార్మినార్ పక్కనున్న ముర్గీచౌక్ నుంచి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, పిల్లల ఒళ్ళో కూర్చుని బస్సులో ఊళ్ళకు దిగుతున్నాయి పిట్టల జంటలు. అందరూ లవ్‌బర్డ్స్ అంటారు గానీ చాలావరకు అవి బడ్జెరిగార్లు. ఆస్ట్రేలియా ఎండు మైదానాల పిట్ట. 1840లో పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ దాన్ని ప్రాణాలతో ఇంగ్లండు చేర్చాక లోకమంతా పంజరాలకెక్కింది. (రామచిలకను మాత్రం ఎక్కించకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. అరుగు మీద పంజరంలో ‘రామా రామా’ అంటున్నంత మాత్రాన కేసు మాఫీ కాదు.) ఈ బడ్జెరిగారు బరువు ముప్ఫై, నలభై గ్రాములు. అంత ఒంట్లోకి చెడ్డ నీళ్ళు పోతే తట్టుకునే జాగా ఎంతుంటుంది?

దాని మేత దుకాణంలో కంగ్నీ, మన ఇంట్లో కొర్రలు. ఆ పిట్ట కొర్ర తినే తీరు ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. గింజను ముక్కులో పట్టి నాలుకతో గిరగిరా తిప్పుతుంది. పొట్టు రెండు చెక్కలుగా విడి కింద రాలుతుంది, పలుకు లోపలికి పోతుంది. రాలిన పొట్టు ఎక్కడికి? చాలాసార్లు అదే గిన్నెలోకి. సాయంత్రానికి గిన్నె పొద్దున ఎంత నిండుగా ఉందో అంతే నిండుగా కనిపిస్తుంది. ‘ఏమీ తింటలేదు, మేత అట్లనే ఉంది’ అనుకుని ఇంటివాళ్ళు పెళ్ళికి పోతారు. రెండు రోజులకు తిరిగొచ్చేసరికి నిండు గిన్నె ముందు పిట్ట ఆకలితో ముడుచుకుని ఉంటుంది. గిన్నెను వాకిట్లోకి తీసుకుపోయి మెల్లగా ఊదాలి. ఎగిరిపోయింది పొట్టు, మిగిలింది మేత. మిగిలిందాంట్లో రెట్ట గానీ తడి గానీ తగిలితే జాలి పడకుండా పారేయాలి. పాత పొట్టు మీద కొత్త కొర్రలు పోయడమూ, నీళ్ళ మీద నీళ్ళు పోయడమూ ఒకే బద్ధకానికి రెండు పేర్లు. ఇంకొకటి, పిట్ట కూర్చునే కర్రకు సరిగ్గా కింద గిన్నె పెట్టకూడదు. ఎందుకో చెప్పక్కర్లేదు.

మా వీధిలో కోళ్ళు సాకే ఒక పెద్దమ్మ ఉంది. పొద్దున నేను గిన్నెలు ముందేసుకుని కూర్చుంటే ఆమెకు నవ్వు.

“ఏంది బిడ్డా, పిట్టల బాసండ్లా? కోడి మోరీల నీళ్ళు తాగుతది. దానికి తోమిన గిన్నె కావాల్నా?”

“మోరీల తాగుతది గాబట్టే కదా పెద్దమ్మా, ఎండాకాలమొస్తే కొక్కెర తెగులుతోని గంపలకు గంపలు పోతయి.”

“అది తెగులు బిడ్డా. గిన్నె ఏం జేస్తది?”

తెగులు ఎట్లా వస్తుందన్నదే గదా సంగతి. కొక్కెర తెగులును పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి అంటారు. 1920ల చివర్లో మన హిమాలయాల దగ్గరి రాణిఖేత్‌లో కనిపించిందని ఆ పేరు. ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర 1926లో బయటపడింది గనక వాళ్ళకు అది న్యూకాసిల్ వ్యాధి. రోగం పట్టిన కోడి ముక్కు కారుస్తుంది, పచ్చగా పారుకుంటుంది, అదే ముక్కును అందరూ తాగే చిప్పలో ముంచుతుంది. ఇక ఆ చిప్ప ఊరి రచ్చబండే. తోమిన గిన్నె టీకాకు బదులు కాదు, టీకా వేయించాల్సిందే. ఇక్కడ గిన్నెకూ టీకాకూ ఒక లంకె ఉంది. లాసోటా లాంటి బతికున్న టీకాను తాగే నీళ్ళలో కలిపి ఇస్తారు. క్లోరిన్ కలిసిన మిషన్ భగీరథ నల్లా నీళ్ళలో కలిపినా, సబ్బు గానీ బ్లీచింగ్ గానీ పూర్తిగా పోయేదాకా కడగని చిప్పలో పోసినా టీకాలోని వైరస్ చస్తుంది. మందు తాగించామన్న ధైర్యం మనకు మిగులుతుంది, రక్షణ కోళ్ళకు మిగలదు. ఆ పూట క్లోరిన్ లేని బావి నీళ్ళు, రెండు మూడు సార్లు తొలిచిన చిప్ప వాడాలి.

ఇంతకూ పెద్దమ్మను తక్కువ అంచనా వేయకండి. కోళ్ళను గంప కింద కమ్మాక, ఆమె తన రాతి తొట్టిలోని నీళ్ళు చెట్టు మొదట్లో కుమ్మరించి తొట్టిని బోర్లిస్తుంది. పొద్దున కోళ్ళను వదిలాకే తిప్పి నీళ్ళు పోస్తుంది. ఎందుకంటే రాత్రి కుక్కలు మూతి పెడతాయట. కారణం కుక్కలే కావచ్చు, పని మాత్రం పశువైద్యులు మెచ్చుకునేది. ఎండడమే చాలా క్రిములకు చావు. పావురాల గొంతులో పెరిగే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని చూడండి. తడి గిన్నెలో, తడి గింజల్లో ఒక పిట్ట నుంచి ఇంకో పిట్టకు పాకుతుంది. పొడి తగిలితే బతకదు. పిట్టలకు మేత పెట్టడం ఇంటింటి ముచ్చటైన బ్రిటన్‌లో 2005 ప్రాంతంలో ఈ రోగం పావురాల నుంచి గ్రీన్‌ఫించ్ అనే చిన్న పచ్చపిట్టకు అంటింది. సుమారు 43 లక్షలున్న ఆ పిట్టలు 2009 నాటికి 28 లక్షలకు పడిపోయాయి. అవి ఎక్కువగా గుమిగూడింది మనుషులు ప్రేమతో పెట్టిన గిన్నెల దగ్గరే. కడగలేని ఇంట గిన్నె పెట్టకపోవడమే మేలని నేను మొహమాటం లేకుండా అనేది ఇందుకే.

అడవి పిట్టల గిన్నె, కోళ్ళ చిప్ప, పంజరం గిన్నె వేర్వేరుగా ఉండాలి. కలిపి తోమకూడదు, ఒకదాని నీళ్ళు ఇంకోదాంట్లో వంపకూడదు. మాకు నిజాంసాగర్ వెనకనీళ్ళు దగ్గర. ఎక్కడెక్కడి నీటిపక్షులో దిగుతాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడ్డప్పుడు అందరూ చికెన్ ధర గురించే మాట్లాడుకున్నారు. ఆ వైరస్ నీటిపక్షుల రెట్టల్లో, ఆ రెట్టలు పడ్డ నీళ్ళలో ప్రయాణం చేస్తుంది. చెరువు నీళ్ళు తెచ్చి కోళ్ళకు పోసేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

మేత గిన్నెలో తడి గురించి ఒక పాత కథ ఉంది. 1960లో ఇంగ్లండులో సుమారు లక్ష టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏ రోగమో తెలియక మొదట ‘టర్కీ ఎక్స్’ అన్నారు. తీగ లాగితే బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లిచెక్క కదిలింది. దానికి పట్టిన బూజు విషం వదిలింది. అఫ్లాటాక్సిన్‌ను ప్రపంచం గుర్తించింది అట్లా. ఆ విషం కడిగితే పోదు, ఎండబెట్టినా పోదు, వేయించినా పూర్తిగా పోదు. బూజు వాసన కొట్టే పల్లీలను, ముక్కిన మక్కలను ‘మనం తినలేం, పిట్టలకన్నా పెడదాం’ అనే దానగుణం మనలో బాగా ఉంది. పిట్ట కాలేయం మన కాలేయం కన్నా గట్టిది కాదు.

తోమే పని ఎంతసేపని? రోజూ పొద్దున పాత నీళ్ళు మొక్కకు పోసి, పీచుతో లోపలా అంచులా రుద్ది, తొలిచి, కొత్త నీళ్ళు నింపాలి. ఎండాకాలం సాయంత్రం కూడా మార్చాలి. గిన్నెలో రెట్ట ఎండి అతుక్కుంటే పొడిగా గీకకండి, ముందు తడిపి నానబెట్టండి. 1929-30లో దక్షిణ అమెరికా నుంచి ఓడలెక్కిన చిలకలతో పాటు చిలక జ్వరం అమెరికాకు, యూరప్‌కు పాకి మనుషుల్ని చంపింది. ఎండిన రెట్ట ధూళి ముక్కులోకి పోవడమే దాని దారి. ఈ గిన్నెలు మన అంట్లతో కలిపి వంటింట్లో తోమడమూ వద్దు. పెరట్లో వేరే పీచు, వేరే బకెట్ పెట్టుకోండి. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లల చేత కడిగించాలి.

వారానికోసారి ఇంకాస్త గట్టి స్నానం. సబ్బుతో తోమి, వేడినీళ్ళతో తొలిచాక, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి అందులో పది నిమిషాలు గిన్నెను ముంచాలి. వాసన పూర్తిగా పోయేదాకా మంచినీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాలి. మన ఊరి ఎండ ఎవడబ్బ సొమ్మూ కాదు, దండిగా వాడుకోండి. ముందు సబ్బుతో తోమకుండా బ్లీచ్‌లో ముంచితే మురికి కిందున్న క్రిమికి ఏమీ కాదు. బ్లీచ్‌తో పాటు నిమ్మరసం, వెనిగర్, బాత్రూం కడిగే యాసిడ్ కలిపితే మాత్రం విషవాయువు వస్తుంది. పిట్టల ఊపిరి మనకన్నా సున్నితం. బ్రిటన్ బొగ్గుగనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కెనరీ పిట్టలను వెంట తీసుకుపోయింది అందుకే. ఈ పనంతా పంజరానికి దూరంగా, ఆరుబయట చేయాలి.

ఏ గిన్నె మంచిదని అడుగుతారు. పంజరానికి స్టీలు గిన్నె, అంతే. ప్లాస్టిక్‌కు పడ్డ గీతల్లో పాచి దాక్కుంటుంది. జింకు పూత పూసిన రేకును చిలకజాతి పిట్టలు కొరికి నాకితే విషమెక్కుతుంది. బయటి పిట్టలకు మట్టి మూకుడే చల్లన, కాకపోతే దాని రంధ్రాలు మురికిని పట్టేస్తాయి. గరుకు పీచుతో రుద్దాలి, దఫదఫాకూ ఎండబెట్టాలి, రెండు ఉంచుకుని మార్చి మార్చి వాడాలి, పగులు తేలితే పారేసి కుమ్మరింటికి పోవాలి. రెండు అంగుళాలకు మించి లోతు వద్దు. మధ్యలో ఒక రాయి పెడితే పిచ్చుక నిలబడుతుంది, తేనెటీగ మునగదు. పిల్లి పొంచడానికి గుబురు లేని నీడ చూసి పెట్టండి.

రేపు పొద్దున చెంబు వంచే ముందు ఒక్క పని చేయండి. వేలితో గిన్నె లోపలి గోడను ఒకసారి రాయండి. జారితే నీళ్ళు పోయకండి, పీచు తీసుకోండి.