సారినెన్ ఊళ్లో అద్దె ఇల్లు

ఉద్యోగం కొలంబస్‌లో వచ్చిందనగానే బంధువులు ఒహాయో రాజధాని అనుకుంటారు. ఇది ఆ కొలంబస్ కాదు. ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపొలిస్‌కి దక్షిణంగా కారులో గంటలోపే చేరిపోయే చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో 50 వేలు దాటింది. మన లెక్కలో ఓ మోస్తరు మున్సిపాలిటీ, అంతే. చుట్టూ మొక్కజొన్న చేలు, సోయా చేలు. హైవే దిగి ఊళ్లోకి మళ్లితే మొదట తగిలేవి పెట్రోలు బంకులు, బర్గర్ షాపులు. ఇలాంటి దృశ్యం మిడ్‌వెస్ట్‌లో వెయ్యి చోట్ల కనిపిస్తుంది. ఎర్ర తీగల వంతెన దాటి ఐదో వీధికి చేరాక మాత్రం ఊరు వేరే మాట మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఆ వీధికి ఒక పక్క ఏలియల్ సారినెన్ కట్టిన చర్చి ఉంది. 1942 నాటిది, అమెరికాలో ఆధునిక పద్ధతిలో లేచిన తొలి చర్చిల్లో ఒకటి. ఎదుటి పక్క ఐ. ఎం. పే రూపకల్పన చేసిన గ్రంథాలయం, దాని ముందు హెన్రీ మూర్ చేసిన పెద్ద కంచు తోరణం. నాలుగడుగులు వేస్తే ఏలియల్ కొడుకు ఈరో సారినెన్ 1954లో గాజు గోడలతో కట్టిన బ్యాంకు. ఊరి ఉత్తరాన అదే ఈరో గీసిన మరో చర్చి, ఆకాశంలోకి సూదిలా లేచిన శిఖరంతో. అది పూర్తయిన 1964 నాటికి ఆయన లేడు. ఫైర్ స్టేషన్ చూద్దామంటే రాబర్ట్ వెంచురి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో ఉండాల్సిన పేర్లన్నీ పొలాల మధ్య ఎందుకు పోగయ్యాయన్నదే ఈ ఊరి అసలు కథ. అద్దె ఇల్లు వెతుక్కునేవాడికీ ఆ కథతో పని ఉంది.

కథ డీజిల్ ఇంజన్‌తో మొదలవుతుంది. క్లెస్సీ కమిన్స్ ఇర్విన్ కుటుంబానికి కారు నడిపిన మెకానిక్. ఆ ఇంటి పెద్ద, బ్యాంకరు విలియం ఇర్విన్ పెట్టుబడి పెడితే 1919లో కమిన్స్ కంపెనీ పుట్టింది. లాభం మొహం చూడటానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ కుటుంబం వాడే జె. ఇర్విన్ మిల్లర్ 1934లో పగ్గాలు పట్టి దాన్ని ప్రపంచ సంస్థగా చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లల సంఖ్య పెరిగింది, బడులు చాలలేదు. హడావిడిగా లేపిన బడులు బాగా లేవు. పైగా మంచి ఇంజనీరును ఈ మారుమూలకి రప్పించాలంటే జీతం ఒక్కటే సరిపోదని, అతని పిల్లలకి మంచి బడి కూడా చూపించాలని మిల్లర్‌కి తెలుసు. అందుకే కంపెనీకి చెందిన కమిన్స్ ఫౌండేషన్ ఊరి బడుల నిర్వాహకుల ముందు ఒక ఒప్పందం పెట్టింది. మేమిచ్చే జాబితాలోంచి ఆర్కిటెక్టును ఎంచుకోండి, అతని ఫీజు మేం కడతాం, కట్టడం ఖర్చు మీది. అలా 1957లో హ్యారీ వీస్ గీసిన ష్మిట్ ప్రాథమిక పాఠశాల మొదటిది. తర్వాత ఎడ్వర్డ్ లారబీ బార్న్స్, గన్నర్ బిర్కర్ట్స్, ఎలియట్ నోయిస్ లాంటి వాళ్లందరూ ఇక్కడ పిల్లల బడులు గీసినవాళ్లే.

ఇది దానధర్మమా, వ్యాపారమా? రెండూ అనుకోవచ్చు. మిల్లర్ దృష్టిలో వాటి మధ్య గోడ లేదనిపిస్తుంది. ఏమైనా అతను తలచింది జరిగింది. ఇంజనీర్లు వచ్చారు. 1962లో పుణెలో కిర్లోస్కర్‌తో కలిసి కమిన్స్ ఫ్యాక్టరీ పెట్టింది. ఆ బంధం తర్వాతి దశాబ్దాల్లో పుణె నుంచి ఇక్కడికి దారి వేసింది. ఇవాళ ఊళ్లో భారతీయ కుటుంబాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నాయి. మరాఠీ వాళ్ల పక్కనే మన తెలుగువాళ్లూ.

అయితే బడికి, గ్రంథాలయానికి, అగ్నిమాపక కేంద్రానికి మహామహులు దొరికిన ఊళ్లో కొత్తగా వచ్చినవాడు అద్దెకుండే ఇల్లు మాత్రం ఏ సారినెనూ గీసింది కాదు. ఊరి అంచుల్లో లేత గోధుమరంగు ప్లాస్టిక్ పలకలు తొడిగిన రెండంతస్తుల అపార్ట్‌మెంట్లు, ముందు పార్కింగు, మధ్యలో లీజింగ్ ఆఫీసు. ఇండియానాలో ఎక్కడైనా ఇవే. ఈరో సారినెన్ మిల్లర్ కుటుంబానికి కట్టిన ఇంటిని టికెట్టు కొని చూడాల్సిందే. అది ఇప్పుడు ఇండియానాపొలిస్ మ్యూజియం వాళ్ల చేతిలో ఉంది.

హైదరాబాదులో లాగా టు-లెట్ బోర్డులు చూసుకుంటూ స్కూటర్ మీద తిరిగే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఇల్లు మనకి నచ్చడం కంటే ముందు మన కాగితాలు వాళ్లకి నచ్చాలి. దరఖాస్తుకి ఫీజు కట్టాలి, అది తిరిగి రాదు. అద్దెకి మూడు రెట్లు నెల జీతం ఉందని చాలాచోట్ల చూపించమంటారు. ఆపైన క్రెడిట్ స్కోరు. నిన్న దిగినవాడికి సోషల్ సెక్యూరిటీ నంబరే ఉండదు, స్కోరెక్కడిది? అప్పుడు ఆఫర్ లెటరు, పాస్‌పోర్టు, వీసా కాగితం చూపించి, అవసరమైతే అడ్వాన్సు కాస్త ఎక్కువిస్తామని చెప్పి ఒప్పించుకోవాలి. ఇంజన్ల ఊరు కాబట్టి ఇక్కడి లీజింగ్ ఆఫీసుల వాళ్లకి ఇలాంటి మనుషులు కొత్త కాదు. మిడ్‌వెస్ట్‌లో ఇంతే జనాభా ఉన్న చాలా ఊళ్లలో ఈ సౌలభ్యం ఉండదు.

వేసవిలో కమిన్స్‌కి ఇంటర్న్‌లు దిగుతారు. మూడు నెలల మనుషులు, వాళ్లకి సామానుతో సహా ఇల్లు కావాలి. మీరూ అదే సమయంలో దిగితే ఖాళీలు కరువు. ఊరు చిన్నది కాబట్టి ఇళ్లు బోలెడు ఉంటాయన్న ఊహ సరికాదు. చిన్న ఊళ్లో అద్దె ఇళ్లే తక్కువ, జనం ఎక్కువగా సొంత ఇళ్లలోనే ఉంటారు. పాత ఇంటిని రెండుగా చేసి ఒక భాగం అద్దెకిచ్చే యజమానులు ఉన్నారు. అలాంటివి కాంప్లెక్సుల కంటే విశాలంగా ఉంటాయి, చెట్లుంటాయి. కానీ నోటి మాట మీద, వాట్సాప్ గ్రూపుల మీద దొరుకుతాయి. ఇండియా నుంచే ఫొటో చూసి డబ్బు పంపమని ఎవరైనా తొందరపెడితే ఆగండి. ఊళ్లో ఉన్న తెలిసినవాళ్లు తలుపు తీసి లోపల నడిచి చూసేదాకా ఒక్క డాలరు కదపొద్దు. మొదటి రెండు మూడు వారాలకి వంటగది ఉన్న హోటల్ గది తీసుకుని, దిగాక వెతకడమే నయం.

ఇంకో సంగతి నదుల గురించి. ఫ్లాట్‌రాక్, డ్రిఫ్ట్‌వుడ్ నదులు ఇక్కడే కలిసి వైట్ నది తూర్పు పాయ అవుతాయి. ఊరి మధ్యగా హా క్రీక్ అనే వాగు పారుతుంది. మామూలు రోజుల్లో పిల్లలు రాళ్లు విసిరే వాగే. 2008 జూన్ 7న ఒక్కరోజు వానకి అది పొంగి, ఊరి ఆసుపత్రి నేలమాళిగ నిండిపోయి, రోగులందరినీ తరలించాల్సి వచ్చింది. ఆసుపత్రి మళ్లీ తెరుచుకోవడానికి నెలలు పట్టింది. అద్దెకుండేవారి మామూలు బీమా వరద నష్టాన్ని చెల్లించదు. అందుకని ఇల్లు ముచ్చటగా ఉందని సంతకం పెట్టేముందు ప్రభుత్వం పెట్టిన వరద పటంలో ఆ చిరునామా ఎక్కడుందో చూసుకోవాలి, కింది అంతస్తయితే మరీను.

చిరునామాకి ఇంకో విలువ కూడా ఉంది. పిల్లల్ని బడిలో చేర్పించడానికి వెళ్తే మొదట అడిగేది లీజు కాగితమే. మీ వీధి ఏ బడి పరిధిలోకి వస్తుందో బడుల్ని నడిపే స్కూల్ కార్పొరేషన్ దగ్గర ముందే కనుక్కుని, ఆ తర్వాత ఇల్లు వెతకండి. అదే కాగితంతో పే గారి గ్రంథాలయంలో ఉచితంగా సభ్యత్వం వస్తుంది. మిల్లర్ మొదలుపెట్టిన పని ఫలం కొత్తవాడి చేతికి అందేది ఇక్కడే.

మిగతావన్నీ సర్దుకునే విషయాలు. కారు లేనిదే జరగదు. ఊరి బస్సు ఉంది గానీ దాన్నే నమ్ముకుని ఉద్యోగానికి వెళ్లడం కష్టం. దొండకాయలకీ గుడికీ చాలామంది ఇండియానాపొలిస్ వైపు బయల్దేరతారు, ఒకే ప్రయాణంలో రెండూ. వంటగదిలో పొయ్యి మీది ఫ్యాను పొగని బయటికి పంపుతుందా, తిప్పి మన మొహానే కొడుతుందా చూడండి. రెండో రకమైతే తాలింపు వేసిన ప్రతిసారీ పొగ అలారం మోగుతుంది. నేలంతా తివాచీ ఉంటే పసుపు మరక అడ్వాన్సులోంచి పోతుంది. సుడిగాలి సైరను మోగితే ఎక్కడ దాక్కోవాలో మొదటి రోజే అడగండి. నేలమాళిగ లేని ఇంట్లో కిటికీలు లేని స్నానాలగదే గతి. సాయంత్రం వేళ మాత్రం వాషింగ్టన్ వీధిలో జహరాకోస్ ఐస్‌క్రీం కొట్టుకి వెళ్లండి. 1900లో గ్రీకు అన్నదమ్ములు పెట్టింది, ఆ పాలరాతి బల్లల ముందు కూర్చుంటే ఊరి మీద కోపాలు సగం తగ్గుతాయి.

లీజులో నేను అన్నిటికంటే ముందు చదవమనేది మధ్యలో ఖాళీ చేయడం గురించిన భాగం. ఊరు చాలావరకు ఒకే పెద్ద కంపెనీ మీద ఆధారపడింది. ట్రక్కుల అమ్మకాలు పడిపోయిన ఏడాది ఇంజన్ల ఊళ్లో ఉద్యోగాలు ఊగుతాయి. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు, లీజు చూస్తే ఇంకా ఎనిమిది నెలలుండొచ్చు. ఎన్ని నెలల అద్దె కడితే వదిలేస్తారో ఆ అంకె కాగితం మీద ఉండాలి. లేకపోతే రాయమని అడగండి. వెళ్లేటప్పుడు కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లండి. ఇండియానా చట్టం ప్రకారం యజమాని 45 రోజుల్లోపు అడ్వాన్సు తిరిగివ్వాలి, లేదా దేనికి ఎంత కోసుకున్నాడో వివరంగా రాసి పంపాలి. ఆ గడువు లెక్క మీరు చిరునామా ఇచ్చాకే మొదలవుతుంది.