బందరు వీధులలో ఒంటరి నడక

మా యూరికి రైలుస్టేషనే యింటిపేరు. ఓరుగంటి సీమలో ఘనపురములు పెక్కు గలవు గనుక మాది స్టేషను ఘనపురమైనది. రైలును పేరుననే ధరించినవారము గదా, ప్రయాణమన్న భయమెందుకని సోదరీమణు లడుగవచ్చును. అయినను 58 ఏండ్లు వచ్చువఱకు మేము ఒంటరిగా కాజీపేట దాటి యెఱుగము. (ఇచట ‘మేము’ అనుట వ్రాతమర్యాద కొఱకే, వెంట రెండవ ప్రాణి లేదు.)

మా అమ్మమ్మ పెట్టెలో బందరు అద్దకపు దుప్పటి యొకటి యుండెడిది. నడుమ చివికిపోగా ఎఱ్ఱని అంచు జానెడు మాత్రము మిగిలినది. అది వచ్చిన రేవును చూడవలెనని ఆమెకు కడవఱకు కోరిక. “సముద్రం జూడకుంటనే పోతనేమో బిడ్డా” అనెడిది; అట్లే పోయినది. ఈ మాఘమున ఆ పేలికను సంచిలో పెట్టుకొని బయలుదేరగా మా కోడలు, “ఈ వయసుల ఒక్కలే పోవుడెందుకు అత్తమ్మా? పిల్లలకు సెలవులిచ్చినంక అందరం పోదాం” అన్నది. సెలవులు ఏటేట వచ్చుచున్నవి. ప్రయాణమే వచ్చుట లేదు.

కాజీపేటలోను బెజవాడలోను బండ్లు మారి, ప్రొద్దెక్కకమునుపే బందరు కీవలనున్న పెడనలో దిగితిమి. కలంకారీ అద్దకమునకు నేడు పుట్టినిల్లు వంటిది ఈ యూరే. బట్టను కరక్కాయనీట ముంచి యారవేయుదురు. ఇనుపతుక్కును బెల్లపునీట నానవేసిన నల్లరంగును, పటికనీటిని చెక్క అచ్చులతో అద్దుదురు. కాచునపుడు పటిక తగిలినచోటనే ఎఱుపు పట్టును. ఒక వృద్ధుడు మా పేలికను వెలుతురునకు పట్టి, అచ్చుకు అచ్చు కలిసిన చోటులు వెదకి, “ఇది చిరివేరు ఎరుపమ్మా. ఇప్పుడా వేరు తవ్వేవాళ్లెవరున్నారు?” అనెను. అమ్మమ్మ మాట నిజమే. మాకు కనులు చెమర్చినవి. ఆయన చూడనట్లే పనిలో పడెను.

బందరులో నడకయే వాహనము. ఈ యూరి చరిత్ర గ్రంథములలో కంటె పేటల పేర్లలో భద్రముగా నున్నది. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము! వలందులనగా డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. గోలకొండ సుల్తానులకు సముద్రద్వారమైన ఈ రేవున 1605లో వలందులును, 1611లో ఇంగ్లీషువారును, 1669లో పరాసులును వర్తకమునకు స్థానము లేర్పఱచుకొనిరి. ఇందఱను ఈడ్చుకొని వచ్చినది ముఖ్యముగా మన బట్టయే. నేతగానికైన పేరు వచ్చెను గాని, ఆ నూలు వడకిన ఆడువారి నెవరు తలతురు?

అంతకు ముందు మా ఓరుగంటివారి రేవు మోటుపల్లి. గణపతిదేవుడు 1244 ప్రాంతమున అచట అభయశాసనము వేయించెను. ఓడ పగిలి యొడ్డునబడిన సరకును పూర్వరాజులు హరించెడివారట. ఆయన న్యాయమైన సుంకముదప్ప మరేమియు గ్రహింపనని వర్తకులకు మాట యిచ్చెను. సముద్రమునకు ఇంతదూరమున కోట కట్టుకొన్న రాజునకు ఓడవారి కష్టము తెలిసినదని మేము కొంత గర్వించితిమి.

వలందుల శ్మశానమున చాలసేపు కూర్చుంటిమి. పెద్ద రాతిపలకలపై ఉబ్బెత్తు అక్షరములు, వంశచిహ్నములు. చదువనేరక వ్రేలితో తడవి చూచితిమి. ఏ తల్లి యే దేశమున వీరికై యెదురుచూచినదో! త్రోవలో చిలకలపూడి గిల్టుగాజులు రెండు జతలు కొంటిమి. బందరు లడ్డు సంగతి వ్రాయనే వ్రాయము, ఇంటికి చేరినది సగమే.

మధ్యాహ్నము బందరుకోటకు నడచితిమి. 1759లో ఇంగ్లీషువారు పరాసులనుండి పట్టుకొన్న కోట యిది. మిగిలినవి కొన్ని మొండిగోడలు. ఫిరంగులు చేసిన చేటుకంటె సముద్రము చేసినది పెద్దది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో లేచిన ఉప్పెన యూరిమీదికి వచ్చి, ఇంచుమించు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. పిదప ఈ రేవు మునుపటివలె తేరుకొనలేదు.

ఇంతకు సముద్రమేది? రేవుపట్టణమున ఉదయమునుండి తిరుగుచున్నను మాకు నీటిచుక్క కానరాలేదు. చేపలగంప దింపుకొని నీడన కూర్చున్న ఒకామె నడిగితిమి.

“సముద్రం ఇక్కడ కనపడదండీ. మంగినపూడి వెళ్లాలి. ఒక్కరే వచ్చారా అమ్మగారూ?”

ఒక్కరమే యంటిమి. కోటగోడ చూపి ఉప్పెన మాట యెత్తగా, “మాకు ఉప్పెనంటే డెబ్బై ఏడేనండీ. మా అమ్మ అందులోనే పోయింది. నన్ను తాటిచెట్టుకి కట్టేసింది మా నాన్న” అనెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన యది. 1864వ సంవత్సరమును పుస్తకమువలె పలికిన మా నోరు మూతపడినది. ఆమెయే లేచి, ఆటోను పిలిచి, బేరమాడి, మమ్ము ఎక్కించినది. నడకవ్రత మట్లు భంగమయ్యెను.

పూర్వము ఓడలు మెరక నీటికి వెఱచి దూరముననే లంగరు వేసెడివి. కొబ్బరిపీచుత్రాళ్లతో కుట్టిన మసూలా పడవలలో సరకులు ఒడ్డు చేరెడివి. నూతన రేవునకు 2023లో పనులు మొదలైనవి. మంగినపూడిలో ఒడ్డు నల్లమట్టి. ఎంత లోనికి పోయినను నీరు మా మోకాలు దాటలేదు. సంచిలోని పేలికను తీసి అలలో ముంచితిమి. ఎఱుపు దిగలేదు.

అంతలో ఫోను మ్రోగినది. “ఏడున్నరత్తమ్మా?” అని కోడలు.

“సముద్రంల ఉన్న బిడ్డా.”

అవతల కొంతసేపు మాట లేదు. పిదప మెల్లగా, “నీళ్లు సల్లగున్నయా?” అని యడిగినది.